మన నేలను కన్న నల్లకొండలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పిల్లలకు కొండ అంటే రైలు కిటికీలోంచి కనిపించి మాయమయ్యే దృశ్యం మాత్రమే. ఇంటి ముందు నిలబడితే వారి కంటికి ఆనేవి వరిచేలు, కాలువగట్లు, తాటిచెట్లు. ఆ తరువాత సముద్రం. అందుకే సెలవులు దగ్గరపడగానే వారు కొండప్రాంతాల ప్రస్తావన తెస్తారు. రాళ్ళు చూడడానికి ఇంత ఖర్చా అని పెద్దలు ఆ ప్రస్తావనను అక్కడితో ముగిస్తారు. ఈ నెల మేము ఆ రాళ్ళను గురించే ముచ్చటించదలిచాము. మన పొలాల్లోని నల్లమట్టికి ఆ రాళ్ళతో రక్తసంబంధం వంటి సంబంధం ఉన్నది గనుక.

దివ్య ఖుర్ఆన్ మనిషిని పదేపదే చూడమంటుంది. భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో గమనించమని అన్కబూత్ సూరా ఆదేశిస్తుంది. పర్వతాలు ఎలా నాటబడ్డాయో, నేల ఎలా పరచబడిందో చూడరా అని గాషియహ్ సూరా ప్రశ్నిస్తుంది. ఫాతిర్ సూరా మరొక అడుగు ముందుకు వేసి, పర్వతాలలోని తెలుపు, ఎరుపు చారలను, కారునలుపును ప్రత్యేకంగా పేర్కొంటుంది. ఆ వెనువెంటనే, దాసులలో జ్ఞానం కలవారే అల్లాహ్‌కు నిజంగా భయపడతారన్న భావం వస్తుంది. కొండల రంగుల నుంచి జ్ఞానవంతుల భయభక్తుల వరకు ఎంత దగ్గరి దారో గమనించండి. ఆయతులను భూగర్భ శాస్త్ర పాఠాలుగా మార్చే ప్రయత్నం మేము చేయబోము. చూడమన్నప్పుడు కళ్ళు తెరచి చూడడం, చూసినదాన్ని తెలుసుకోవడం విశ్వాసి కర్తవ్యమని మాత్రం చెప్పదలిచాము.

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పశ్చిమ భారతాన భూమి బీటలు వారింది. శిఖరం నుంచి నిప్పులు చిమ్మే అగ్నిపర్వతాన్ని మనం బొమ్మల్లో చూస్తుంటాము. అక్కడ జరిగింది అటువంటిది కాదు. పొడవాటి పగుళ్ళలోంచి కరిగిన రాయి పొంగి, వరదనీటిలా నేలపై పరచుకున్నది. ఒక పొర చల్లారి గట్టిపడిన కొంతకాలానికి దానిపై మరొక పొర వచ్చి చేరింది. ఇలా పేరుకున్న లావా నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర దక్కను పీఠభూమిని కప్పి ఉన్నది. పశ్చిమ కనుమల వద్ద దాని మందం 2 కిలోమీటర్లకు పైమాటే. ఆ తరువాత వానలు, నదులు ఈ పొరలను కోయగా కొండలు మెట్లుమెట్లుగా తేలాయి. శాస్త్రజ్ఞులు వీటిని దక్కను ట్రాప్స్ అంటారు. ట్రాప్ అన్న మాటకు మూలం స్వీడన్ భాషలోని మెట్లు అనే పదమే.

మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ ఆ మెట్ల పైఅంచున ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున అక్కడే మన కృష్ణ పుడుతుంది. కొయ్‌నా, వేణ్ణా నదులు కూడా ఆ కొండలలోనే పుట్టి తూర్పుకు ప్రవహించి కృష్ణలో కలుస్తాయి. అదే కొండపై పుట్టిన సావిత్రి నది మాత్రం పడమటికి దూకి అరేబియా సముద్రం చేరుతుంది. ఒకే మేఘం కురిసిన నీటిలో ఇటు పడిన చుక్క కొంకణానికి, అటు పడిన చుక్క దివిసీమకు పోవడం చూసేవారికి విస్మయం కలిగించే ఏర్పాటు.

సుమారు 1,400 కిలోమీటర్ల ప్రయాణంలో కృష్ణ ఆ నల్లరాయిని అరగదీసి, మెత్తని ఒండ్రుగా మోసుకువచ్చి సముద్రపు అంచున పరచింది. దారిలోని ఇతర శిలల మట్టి కూడా అందులో కలిసింది. అయితే నల్లరేగడి గుణమంతా ఎగువనున్న లావారాయి ఇచ్చినదే. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు వారి, తడిని లోలోపల దాచుకుని, వరి కోసిన తరువాత మినుముకు ఆ తడినే అందించే నేల ఇది. దుగ్గిరాల పసుపు, కొల్లూరు అరటి, రేపల్లె లంకల పచ్చదనం ఈ ఒండ్రు పెట్టిన భిక్షే. మరణించిన నేలను వర్షంతో బ్రతికించడాన్ని అల్లాహ్ తన నిదర్శనాలలో ఒకటిగా పేర్కొన్నాడు. నిప్పుగా ఉబికినదాన్ని రాయిగా, రాయిని మట్టిగా, మట్టిని మన కంచంలోని మెతుకుగా మార్చడం కూడా ఆ నిదర్శనాల కోవలోనిదే కదా!

ఆ లావా మన రాష్ట్రంలోనూ ఉన్నదని చాలామందికి తెలియదు. రాజమండ్రి పక్కన కాతేరు వద్ద, గోదావరికి ఆవలి ఒడ్డున కొవ్వూరు దాటిన తరువాత గౌరీపట్నం ప్రాంతంలో అదే నల్లరాయి నేలపైకి తేలి కనిపిస్తుంది. పశ్చిమ కనుమల దిక్కున పొంగిన లావా పురాతన నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడికి చేరిందని, భూమిపై తెలిసిన అత్యంత పొడవైన లావా ప్రవాహాలలో ఇది ఒకటని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కాతేరులో రెండు లావా పొరల నడుమ చిక్కుకున్న సున్నపురాయిలో ఆనాటి నత్తగుల్లల శిలాజాలు లభించాయి. ఇంటి పునాదిలోనూ రోడ్డుపైనా మనం పరిచే నల్లకంకరలో ఇంత చరిత్ర ఉన్నది.

నల్లరాయి మాట వచ్చినప్పుడు విశ్వాసి మనసు మదీనా వైపు మళ్ళక మానదు. హజ్, ఉమ్రాలకు వెళ్ళివచ్చిన మన పెద్దలను అడిగి చూడండి. నగరం చుట్టూ కాలిన ఇటుకల్లాంటి నల్లరాళ్ళ మైదానాలను వారు చూసే ఉంటారు. అరబ్బులు వాటిని హర్రా అంటారు. అవన్నీ చల్లారిన లావాయే. మదీనాకు తూర్పున వాఖిమ్ హర్రా, పడమట వబరా హర్రా ఉన్నాయి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఈ రెండు నల్లరాతి నేలల మధ్య భాగాన్ని హరమ్‌గా ప్రకటించినట్లు హదీసులు తెలుపుతున్నాయి. గుర్రాలు, ఒంటెలు ఆ పదునైన రాళ్ళపై నడవలేవు గనుక ఆ రెండు వైపులా నగరానికి సహజమైన రక్షణ ఏర్పడింది. హిజ్రీ 5వ సంవత్సరంలో శత్రుకూటములు దండెత్తి వచ్చినప్పుడు ముస్లిములు ఉత్తరం వైపు కందకం తవ్వడానికి కారణం ఇదే. తెరపి ఉన్న దిక్కు అదొక్కటే.

హిజ్రీ 654లో, అనగా క్రీ.శ. 1256లో, మదీనా సమీపంలో ఆ నేల మళ్ళీ రగిలింది. ముందు భూకంపాలు వచ్చాయి. తరువాత నేల చీలి లావా ఉబికింది. 52 రోజులపాటు సాగిన ఆ ప్రవాహం దాదాపు 23 కిలోమీటర్లు పారి, నగరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది. ప్రజలు మస్జిదె నబవీలో చేరి పశ్చాత్తాపంతో ప్రభువును వేడుకున్నారని చరిత్రకారులు వ్రాశారు. ఆ కాలంలో జీవించి ఉన్న ఇమామ్ నవవీ సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఈ సంఘటనను ప్రస్తావించారు. హిజాజ్ నుంచి బయల్వెడలే అగ్నిని గురించి మహాప్రవక్త (స) ముందుగా తెలిపిన హదీసు వద్దనే ఆయన దీనిని పేర్కొనడం గమనార్హం. ఆ రాళ్ళ మధ్య పెరిగిన ఖర్జూర తోటలను చూసినవారికి, నిప్పు చల్లారిన చోటనే కారుణ్యం మొలకెత్తుతుందని వేరుగా బోధించనక్కరలేదు.

ఇన్ని విషయాలు చెప్పిన తరువాత, వీలున్న కుటుంబాలు ఒక్కసారైనా ఆ నల్లకొండలను చూసిరావాలని మేము కోరుతున్నాము. అయితే కుటుంబం అన్న మాటను కొంచెం నిలిచి ఆలోచించవలసి ఉన్నది. మన ఇళ్ళలో విహారయాత్ర అంటే చాలాసార్లు యువకుల యాత్రే. మోటారు సైకిళ్ళపై సూర్యలంకకో మరొక చోటికో వెళ్ళివస్తారు. వారి అమ్మీ, చెల్లెళ్ళు, దాదీ మాత్రం ఇంటివద్దే. ఆడవారు ఊరు దాటేది పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు, పరామర్శలకు. నలభై ఏళ్ళు కాపురం చేసి, పదిమందికి వండిపెట్టి, సముద్రం ఇరవై మైళ్ళ దూరంలో ఉన్నా ఒక్కసారీ చూడని తల్లులు మన మధ్యనే ఉన్నారు. వారిని ఎవరూ వద్దనలేదు, నిజమే. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

మహాప్రవక్త (స) ఆచరణ ఇందుకు భిన్నమైనది. ఆయన ప్రయాణానికి సిద్ధమైనప్పుడు సతీమణుల మధ్య చీటీలు వేసి, పేరు వచ్చినవారిని వెంట తీసుకువెళ్ళేవారు. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు, ఆమె గెలిచారు. కొంతకాలానికి మళ్ళీ పందెం వేసి ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులన్నారు. భార్యకు నీపై హక్కు ఉన్నది, నీ శరీరానికి హక్కు ఉన్నది అన్న బోధను హజ్రత్ సల్మాన్ (రజి) వినిపించగా ఆయన ధ్రువీకరించారు. ఉల్లాసం కూడా హక్కులలో చేరినప్పుడు, దానిని పంచడంలో న్యాయం పాటించకపోవడం చిన్న విషయమేమీ కాదు. వెంట తీసుకువెళ్ళి అక్కడా స్టవ్ ముందు కూర్చోబెడితే ఆ తల్లికి ప్రయాణం చేసిన ఫలం దక్కదు. ఆ రెండు మూడు రోజులు వంట సంగతి మగవారు చూసుకోవాలి. అక్కడ ఉన్నంతసేపు పిల్లల బాధ్యత తండ్రి తీసుకోవాలి.

ఇక ప్రయాణపు వివరాలు. విజయవాడ నుంచి సికింద్రాబాద్, సోలాపూర్ మీదుగా పూణెకు రైలు సౌకర్యం ఉన్నది. పూణె నుంచి మహాబలేశ్వర్ రోడ్డు మార్గాన సుమారు 120 కిలోమీటర్లు. వాయి పట్టణం దాటగానే పసర్ణీ ఘాట్ మొదలవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్ అనడం, దిగేటప్పుడు సుబ్హానల్లాహ్ అనడం సహాబాల అలవాటు. ఘాట్‌లోని ప్రతి మలుపూ పిల్లలకు ఆ సున్నత్‌ను నేర్పుతుంది. దారి పక్కన కోసిన కొండను చూపించండి. నల్లని లావా పొరల మధ్య సన్నని ఎర్రమట్టి చార కనిపించవచ్చు. ఒక లావా ప్రవాహం చల్లారి, తరువాతది వచ్చేలోగా పైభాగం శిథిలమై ఏర్పడిన పొర అది. రాతిలోని బొరియలలో అక్కడక్కడ తెల్లని స్ఫటికాలు మెరుస్తుంటాయి. ఫాతిర్ సూరాలోని మూడు రంగులు పిల్లల కళ్ళ ముందే ఉంటాయి.

ఘాట్ ఎక్కగానే పంచ్‌గని. అక్కడి టేబుల్ ల్యాండ్ పేరుకు తగినట్టే బల్లలా చదునైన కొండ. పైన ఎర్రని జేగురురాయి, దాని కింద నల్లరాయి. విశాలమైన ఆ మైదానంలో వృద్ధులు సైతం నెమ్మదిగా నడవగలరు. మహాబలేశ్వర్‌లో వేణ్ణా సరస్సుపై పడవలున్నాయి. ఆర్థర్ సీట్ అనే అంచున నిలిస్తే సావిత్రి లోయ, మెట్లుమెట్లుగా దిగిన లావా గోడలు కనిపిస్తాయి. చలికాలంలో స్ట్రాబెరీ తోటలు కాపుకు వస్తాయి. కృష్ణ జన్మస్థానంగా భావించే పాత మహాబలేశ్వర్ ఆలయం హిందూ సోదరులకు పవిత్రమైనది. ఆ పరిసరాలలో మన నడవడి మర్యాదగా ఉండాలి. సతారా సమీపాన ఉన్న కాస్ పీఠభూమి వానాకాలం చివర పూలతో నిండిపోతుంది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన పశ్చిమ కనుమల ప్రదేశాలలో అదీ ఒకటి. పూలకాలంలో సందర్శకుల సంఖ్యపై పరిమితి ఉంటుంది కాబట్టి ముందే టికెట్టు తీసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మహాబలేశ్వర్‌లో కురిసే వాన మన ఊహకు అందదు. ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. వృద్ధులు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలకు అక్టోబరు తరువాతి నెలలే అనుకూలం.

ఈ ప్రయాణంలో హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఖస్ర్ వర్తిస్తుంది. సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో, ఒకేచోట 15 రోజులకు తక్కువ ఉండే ఉద్దేశంతో బయలుదేరినవారు జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులను నాలుగుకు బదులు రెండు రకాతులు చేస్తారు. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే పూర్తిగా నాలుగూ చేయాలి. తెనాలి నుంచి సూర్యలంకకు వెళ్ళినవారికి మాత్రం ఆ దూరం చాలదు గనుక ఈ సడలింపు లేదు. మహాబలేశ్వర్‌లో మసీదు ఉన్నది. అయినా జానమాజ్, వుజూకు సరిపడే నీరు వెంట ఉంచుకుంటే స్త్రీలకు ఇబ్బంది ఉండదు.

అంత దూరం అందరికీ సాధ్యం కాదు. అప్పుచేసి విహారం చేయమని మేము చెప్పము. హైదరాబాదులో బంధువులున్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. సెలవులకు అక్కడికి వెళ్ళినప్పుడు ఒకరోజు వికారాబాద్ వద్దనున్న అనంతగిరి కొండలకు వెళ్ళిరావచ్చు. అవి కూడా దక్కను లావా పరచుకున్న ప్రాంతంలోనివే. మూసీ నది అక్కడే పుట్టి, హైదరాబాదు నడుమగా ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. చెట్ల నీడన నడక, ఇంటినుంచి తెచ్చుకున్న భోజనం, మూసీ పుట్టుక గురించి పిల్లలకు నాలుగు మాటలు. ఖర్చు స్వల్పం, లాభం అధికం. రాజమండ్రి వైపు వెళ్ళేవారు నల్లరాయిని దారి పక్కనుంచే చూడాలి గాని క్వారీ గుంతలలోకి దిగరాదు.

మీ చేతులతో మిమ్మల్ని మీరు వినాశంలోకి నెట్టుకోకండి అన్న దైవాజ్ఞ భావాన్ని కొండ అంచున తప్పక గుర్తుచేసుకోవాలి. ఫోటో కోసం కంచె దాటడం, నాచు పట్టిన రాయిపై నిలబడడం, లోతు తెలియని జలపాతపు మడుగులో దిగడం ధైర్యం అనిపించుకోవు. సూర్యలంక అలల్లో కొట్టుకుపోయిన యువకుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాము. అక్కడ చనిపోయినవారిలో చాలామంది పండుగ పూటో సెలవు పూటో సంతోషంగా ఇంటినుంచి బయలుదేరినవారే. కొండపైనా కడలి వద్దా పిల్లల లెక్క తప్పకుండా చూసుకునే పెద్దవాడొకడు ప్రతి బృందంలో ఉండి తీరాలి.

దారిలో, నీడలో, నీటిరేవులలో మలమూత్ర విసర్జన చేయడాన్ని దైవప్రవక్త (స) శాపానికి గురిచేసే పనులుగా హెచ్చరించారు. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాస శాఖలలో ఒకటన్నారు. సీసాలు, పళ్ళేలు, సంచులు కొండపై వదలివచ్చే యాత్రికునికి ఈ రెండు బోధలూ వర్తిస్తాయి. ఇంటికి వచ్చిన తరువాత కూడా వర్తిస్తాయి. తెనాలి కాలువలోకి మనం విసిరే చెత్త ఎక్కడికి పోతుంది? కాలువలు, మురుగు డ్రెయిన్లు చివరకు చేరేది నిజాంపట్నం, రేపల్లె తీరంలోని మడ అడవులకూ, అక్కడ వలలు వేసే పేదల రేవులకూ. కృష్ణ పుట్టిన చోట నీరు ఎంత తేటగా ఉందో చూసివచ్చినవారు, అది మన ఊరు దాటేసరికి ఎలా ఉంటున్నదో చూడకుండా ఉండకూడదు.

ఇంకొక సంగతి కూడా పిల్లలకు తెలియాలి. శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి జలాశయాలు మనకు నీటిని నిలిపి ఇచ్చాయి. దానితోపాటే ఒండ్రు కూడా వాటి వెనుక నిలిచిపోయింది. కొండ నుంచి సముద్రానికి రావలసిన మట్టి రావడం బాగా తగ్గి, డెల్టా అంచు అక్కడక్కడ కోతకు గురవుతున్నదని పరిశోధకులు చెబుతున్నారు. ఇప్పుడు మన కింద ఉన్న నేల వేల ఏళ్ళ వరదలు మోసి తెచ్చినది. మళ్ళీ అంత మట్టి రావడం ఇక సులభం కాదు. ఇది అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. అమానత్‌ను కాపాడేవాడు దాని విలువ తెలిసినవాడై ఉండాలి.

అందువల్ల ఈ సెలవులలో ప్రయాణం సంకల్పించిన కుటుంబాలకు మా సూచన ఒక్కటే. బయలుదేరే ముందు పొలం నుంచో పెరటి నుంచో గుప్పెడు నల్లమట్టి తెచ్చి పిల్లల చేతికివ్వండి. ఇది ఎక్కడిదో చూడడానికి వెళుతున్నామని చెప్పండి. వెళ్ళేవారి పేర్లు వ్రాసేటప్పుడు మొదటి పేరు ఇంట్లో ఇంతవరకు ఎక్కడికీ వెళ్ళని పెద్దావిడదై ఉండేలా చూడండి.